లండన్ ఆకాశరామన్న

1940 జులైలో లండన్‌లో ఒక పుస్తకాన్ని తోపుడుబళ్ళ మీద పెట్టి అమ్మారు. నూటపాతిక పేజీలు, వెల రెండున్నర షిల్లింగులు. ఫ్లీట్ స్ట్రీట్ పత్రికాఫీసుల చుట్టుపక్కల, ఫారింగ్డన్ రోడ్డులో, లడ్‌గేట్ సర్కస్ దగ్గర జనం ఎగబడి కొనుక్కుపోయారు. కొట్లో దొరకాల్సిన పుస్తకం బండెక్కడానికి కారణముంది. మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఒకప్పుడు హిగిన్‌బాథమ్స్ పుస్తకాల కొట్లు ఎలాగో, ఇంగ్లండు స్టేషన్లలో డబ్ల్యు.హెచ్. స్మిత్ అలాగ. ఆ కంపెనీ ఈ పుస్తకాన్ని అమ్మనంది. మరో పెద్ద పంపిణీదారు వైమన్ కూడా అదే మాటంది. ప్రభుత్వం నిషేధించలేదు, పోలీసులు రాలేదు. వ్యాపారులే జంకారు. చాటుసరుకుకు ఉండే గిరాకీ దానికి వచ్చిపడింది.

పుస్తకం పేరు ‘గిల్టీ మెన్’, అంటే ‘దోషులు’. రాసినవాడు ‘కేటో’ అని అట్ట మీద ఉంది. ఆ కేటో ఎవరో ఎవరికీ తెలియదు.

మనవాళ్ళు ఇలాంటి రాతకు ఎప్పుడో పేరు పెట్టుకున్నారు. ఆకాశరామన్న ఉత్తరం. కరణం లెక్కలు తారుమారు చేశాడనో, ఇంజినీరు సిమెంటు మింగాడనో సంతకం లేకుండా పైఅధికారికి పోయే కాగితం. చదివేవాళ్ళు దాన్ని చెత్తబుట్టలో వేసినట్టు కనిపిస్తారు గాని, వెయ్యబోయే ముందు ఒకసారి పూర్తిగా చదువుతారు. లండన్ ఆకాశరామన్న గురిపెట్టింది కరణాలమీదా గుమస్తాలమీదా కాదు. ముగ్గురు మాజీ ప్రధానమంత్రులు, ఇంకా కుర్చీల్లో కూర్చునివున్న మంత్రులు, ఒక చీఫ్ విప్పు, తెరవెనక చక్రం తిప్పిన ఒక సీనియర్ అధికారి... మొత్తం పదిహేనుమంది. దేశాన్ని నిరాయుధంగా యుద్ధంలోకి నడిపించింది వీళ్ళేనని పేరుపేరునా చెప్పిన ఆ పుస్తకం 2 లక్షలకు పైగా ప్రతులు పోయింది.

అప్పటి ఇంగ్లండు పరిస్థితి గుర్తు చేసుకుంటే ఆ అంకె ఆశ్చర్యమనిపించదు. మే 26 నుంచి జూన్ 4 వరకూ ఫ్రాన్సు తీరంలో డంకర్క్ నుంచి 3,38,226 మంది సైనికుల్ని ఓడల్లో, పడవల్లో ఎక్కించి తెచ్చుకున్నారు. మనుషులైతే వచ్చారు. దాదాపు 64,000 వాహనాలు, 2,400కు పైగా ఫిరంగులు ఆవలి ఒడ్డునే ఉండిపోయాయి. పత్రికలు దాన్ని అద్భుతమన్నాయి. ఇసుకలో పడుకుని పైనుంచి దూకే జర్మన్ విమానాలను చూసిన సిపాయి మాత్రం ఇంటికొచ్చి, మన విమానాలేవి, మన ట్యాంకులేవి అని అడిగాడు. అప్పటికి చాంబర్లేన్ ప్రధాని పదవి పోయి నెలైనా కాలేదు. మే 8 రాత్రి నార్వే పరాజయం మీద పార్లమెంటులో జరిగిన ఓటింగులో, 200 దాటి ఉండాల్సిన ఆయన మెజారిటీ 81కి దిగింది. 10న చర్చిల్ గద్దెనెక్కాడు. కానీ పాతవాళ్ళెక్కడికీ పోలేదు. ఐదుగురే ఉన్న యుద్ధ మంత్రివర్గంలో చాంబర్లేన్ ఒకడు, హాలిఫాక్స్ ఇంకొకడు. కిందటి పదేళ్ళ లెక్క ఎవరూ అడగకుండానే కొత్త పద్దు మొదలయింది. కేటోకు కోపం అక్కడే.

ఆ కోపం ముగ్గురిది. షూ లేన్‌లో ‘ఈవెనింగ్ స్టాండర్డ్’ ఆఫీసు మేడమీద, డంకర్క్ తరలింపు ఇంకా సాగుతుండగానే, ముగ్గురు పాత్రికేయులు కూచుని పథకం వేశారు. మైకేల్ ఫుట్‌కు 26 ఏళ్ళు, సోషలిస్టు. ఫ్రాంక్ ఓవెన్ ఆ పత్రిక సంపాదకుడు, ఒకప్పటి లిబరల్ ఎంపీ. పీటర్ హోవర్డ్ ‘సండే ఎక్స్‌ప్రెస్’లో రాజకీయ వ్యాసాలు రాసేవాడు, 1931లో ఇంగ్లండు రగ్బీ జట్టుకు కెప్టెను, కన్సర్వేటివ్ మొగ్గు ఉన్నవాడు. మూడు పార్టీల మనుషులు. జూన్ 1 శనివారం మొదలెట్టి మంగళవారానికి ముగించారు. 24 అధ్యాయాలు, తలా ఎనిమిది. ఒకరు రాసింది ఇంకొకరు చదివి దిద్దుకున్నారు. వాన పడేలోపు ధాన్యం ఇంటికి చేర్చే రైతు తొందర ఆ రాతలో కనిపిస్తుంది. వాక్యాలు పొట్టి, విసురు ఎక్కువ. నెల తిరిగేసరికి, జులై 5న, విక్టర్ గొలాంజ్ దాన్ని అచ్చువేశాడు. 1936లో లెఫ్ట్ బుక్ క్లబ్ పెట్టినవాడు ఆయనే.

పేరు ఫ్రెంచి విప్లవం నుంచి దొరికింది. 1793లో పారిస్ జనం కన్వెన్షన్ అనే విప్లవ శాసనసభను చుట్టుముట్టి, ఊకదంపుడు వద్దు, దోషుల్ని అప్పగించండి అన్నారని ఫుట్ చదివిన ఒక కథ. మారుపేరు రోము నుంచి తెచ్చుకున్నారు. పెద్ద కేటో అధికారంలో ఉన్నప్పుడు ఆ నగరం మురికికాలవలు బాగుచేయించాడట. 

ముసుగు ఎందుకు? ముగ్గురూ లార్డ్ బీవర్‌బ్రూక్ పత్రికల్లో జీతగాళ్ళు. బయట రాయకూడదని ఒప్పందం. పైగా యజమాని అప్పుడే చర్చిల్ ప్రభుత్వంలో విమాన ఉత్పత్తి మంత్రి అయ్యాడు, అంటే దోషుల పక్క కుర్చీలోనే కూచున్నాడు. సంతకం పెడితే ఉద్యోగం పోయేది. జైలు పాలయ్యేవాళ్ళు మాత్రం కాదు. అది 1758 కాదు మరి.

ఇంగ్లండులో ఈ ముసుగు రాతకు పాత వంశవృక్షమే ఉంది. 1756లో మినోర్కా దీవి ఫ్రెంచివాళ్ళ చేతిలో పడితే, ఓడిన అడ్మిరల్ బింగ్‌ను 1757 మార్చిలో ఓడ డెక్కు మీదే కాల్చి చంపారు. మంత్రులు తమ తప్పు కప్పిపుచ్చుకోవడానికి అతన్ని బలిచ్చారని కరపత్రాలు వెల్లువెత్తాయి. ఆ రోజుల్లోనే జాన్ షెబీర్ అనే వైద్యుడు ‘ఇంగ్లండు ప్రజలకు లేఖలు’ పేరిట, తన పేరు లేకుండా, మంత్రుల మీద వరసగా పుస్తకాలు వదిలాడు. ఆరో లేఖకు దొరికిపోయాడు. మూడేళ్ళ జైలు, దానికి ముందు నడివీధిలో బొండకొయ్యలో గంటసేపు నిలబెట్టే శిక్ష. 1758 డిసెంబరు, వాన. శిక్ష జరిపించాల్సిన అండర్ షరీఫ్ బియర్డ్‌మోర్‌కు ముద్దాయంటే అభిమానం. తలా చేతులూ బిగించకుండా ఊరికే వేదిక మీద నిలబడనిచ్చాడు. పక్కన ఒక నౌకరు గొడుగు పట్టుకున్నాడు. కుళ్ళిన గుడ్లు విసరాల్సిన జనం జేజేలు కొట్టారు. చివరికి ఆ షరీఫు తానే రెండు నెలలు జైల్లో కూచోవాల్సి వచ్చింది. సినిమాలో పెడితే అతిశయోక్తి అంటారు. ఆ తరవాత ‘జూనియస్’ అనే మారుపేరుతో ఇంకొకడు వచ్చాడు. ఆ ముసుగు ఫిలిప్ ఫ్రాన్సిస్‌దని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. 1780లో కలకత్తాలో వారన్ హేస్టింగ్స్‌తో పిస్తోళ్ళు పుచ్చుకుని ద్వంద్వయుద్ధం చేసి గాయపడ్డ ఫ్రాన్సిసే.

ఇక కేటో జాబితా. చాంబర్లేన్, బాల్డ్విన్, రామ్సే మెక్‌డొనాల్డ్, సైమన్, హోర్, హాలిఫాక్స్, కింగ్‌స్లీ వుడ్, ఎర్నెస్ట్ బ్రౌన్, మార్గెసన్, హొరేస్ విల్సన్, ఇన్‌స్కిప్, బర్గిన్, స్టాన్‌హోప్, మారిసన్, డోర్మన్-స్మిత్. 

తెలుగు పాఠకుడు ఈ జాబితా చదివితే ఉలిక్కిపడతాడు. ఇందులో నలుగురు మనకు పాత పరిచయం. సైమన్ అంటే 1928 ఫిబ్రవరిలో మద్రాసులో ఎవరి రాకను నిరసిస్తూ టంగుటూరి ప్రకాశం పంతులు సిపాయిల తుపాకుల ముందు చొక్కా విప్పి రొమ్ము చూపించి ఆంధ్రకేసరి అయ్యారో ఆ సైమన్. హాలిఫాక్స్ అంటే ఇర్విన్ ప్రభువు. ఉప్పు సత్యాగ్రహం నాటి వైస్రాయి, 1931 మార్చిలో గాంధీతో ఒడంబడిక చేసుకున్నవాడు. శామ్యూల్ హోర్ 1935 ఇండియా చట్టం నడిపించిన ఇండియా మంత్రి. మెక్‌డొనాల్డ్ 1932లో కమ్యూనల్ అవార్డు ప్రకటిస్తే ఎరవాడ జైల్లో గాంధీ నిరాహారదీక్ష పట్టి, పూనా ఒప్పందం దాకా వెళ్ళింది. ఇర్విన్‌ను ఒప్పందాల మనిషిగా గాంధీ మెచ్చుకున్నారు. ఆ ఒప్పందాల మనస్తత్వమే హిట్లర్ దగ్గర పనికిరాలేదని కేటో వాదన. అయితే మద్రాసులో తుపాకులు పేలిన సంగతి కేటో లెక్కలోకి రాలేదు. సైమన్ మీద ఆయన మోపిన నేరం మంచూరియాను జపాను మింగుతుంటే విదేశాంగ మంత్రిగా చేతులు కట్టుకు కూచోవడం. ఒక్కొక్కరి నేరాల పట్టీ ఒక్కొక్క ఊళ్ళో ఒక్కో రకంగా ఉంటుంది.

పుస్తకం చేసిన గారడీ అంతా ఒకటే. మంత్రుల మాటలు మంత్రులకే అప్పజెప్పడం. 1936 నవంబరులో బాల్డ్విన్ సభలో నిలబడి, 1933 నాటికి దేశం శాంతిమోజులో ఉంది, ఆయుధాలు కావాలంటే ఎన్నికల్లో ఓడిపోయేవాళ్ళం అని ఒప్పుకున్నాడు. అదే ఏడు మార్చిలో రక్షణ సమన్వయ మంత్రి కావాల్సి వస్తే చర్చిల్‌ను కాదని ఇన్‌స్కిప్ అనే న్యాయవాదిని వేశారు. రోము చక్రవర్తి కలిగులా తన గుర్రాన్ని కాన్సల్ పదవిలో కూచోబెట్టబోయినప్పటినుంచీ ఇలాంటి నియామకం జరగలేదని లండన్‌లో పరాచికాలాడారు. చాంబర్లేనైతే 1940 ఏప్రిల్ 4న హిట్లర్‌కు బస్సు తప్పిపోయిందని సంబరపడ్డాడు. ఐదు రోజులకు జర్మన్లు నార్వేలో దిగారు. ఇలాంటి తేదీల పక్కన తేదీ పెట్టుకుంటూ పోతే తిట్టక్కర్లేదు. కేటోకు ఆ కిటుకు తెలుసు. తిట్లు కూడా మానలేదనుకోండి.

రచయిత ఎవరన్నది లండన్‌కు ఆ వేసవిలో ఊహాక్రీడ అయింది. లేబర్ ఎంపీ అన్యూరిన్ బెవన్ అన్నవాళ్ళున్నారు. అసలు ఆకాశరామన్నల్లో ఒకడైన ఫుట్ ‘ఎవరీ కేటో?’ అని తానే ఒక వ్యాసం రాశాడు. దొంగే ఊరంతా తిరిగి దొంగ దొంగ అని అరిచినట్టు. మంత్రి జీతంతో ఎలా బతుకుతున్నావని హాలిఫాక్స్ ఆటపట్టిస్తే, ‘గిల్టీ మెన్’ రాయల్టీలు వస్తున్నాయిగా అని బీవర్‌బ్రూక్ జవాబిచ్చాడని కథ. నిజానికి ఆ రాయల్టీలు రాసినవాళ్ళకే దక్కలేదు. వాళ్ళ సాహిత్య ఏజెంటు రాల్ఫ్ పింకర్ సొమ్ము మింగేశాడు. పేరు చెప్పుకోలేని రచయితలు డబ్బు పోయిందని గోల మాత్రం ఎలా చేస్తారు!

ఇంత మంచి అభియోగపత్రం న్యాయమైనదేనా? కాదు. దాన్ని ఎంత ఇష్టపడి చదివినా ఈ మాట చెప్పక తప్పదు. హిట్లర్‌తో యుద్ధం ఈ ఏడూ రాదు, వచ్చే ఏడూ రాదని మొదటి పేజీల్లో జోస్యం చెప్పి జనాన్ని జోకొట్టింది బీవర్‌బ్రూక్ ‘డైలీ ఎక్స్‌ప్రెస్’. పదిహేనుమందిలో ఆయన పేరు లేదు. తిండిపెట్టే చెయ్యి కదా. ఆయుధాల బడ్జెట్టుకు వ్యతిరేకంగా 1937 దాకా ఓటేస్తూ వచ్చింది లేబర్ పార్టీ. ఆ ఊసు దాదాపు లేదు. నార్వే దండయాత్రలో నౌకాదళానికి పెద్ద చర్చిల్, ఆ చెడ్డపేరు చాంబర్లేన్ ఒక్కడి నెత్తిన పడింది. ఫ్రెంచి సైన్యాధిపతుల వ్యూహం కుప్పకూలింది డంకర్క్‌కు అసలు కారణమైతే, కేటో దృష్టంతా లండన్ గుమ్మాల మీదే ఉంది. అన్నిటికంటే విచిత్రం ఇది: పుస్తకం వచ్చిన ఐదు రోజులకు, జులై 10న, బ్రిటన్ ఆకాశయుద్ధం మొదలైంది. ఆ యుద్ధం గెలిపించిన స్పిట్‌ఫైర్ విమానాలు, తీరమంతా రాడార్ గొలుసు, ఆ దోషుల ప్రభుత్వం హయాంలో డబ్బిచ్చి తయారుచేయించినవే. మొదటి స్పిట్‌ఫైర్లు దళానికి అందింది 1938 ఆగస్టులో, హిట్లర్‌తో చాంబర్లేన్ చేసుకున్న మ్యూనిక్ ఒప్పందానికి ముందే.

చర్చిల్‌కు ఇదంతా తెలుసు. వర్తమానం గతంతో జగడం పెట్టుకుంటే భవిష్యత్తే పోతుందని జూన్ 18 ప్రసంగంలోనే హెచ్చరించాడు. పాత మంత్రుల్ని ఆయన బోనెక్కించలేదు, దూరాలకు సాగనంపాడు. హోర్‌ను రాయబారిగా మాడ్రిడ్‌కు, కొన్నాళ్ళకు హాలిఫాక్స్‌ను వాషింగ్టన్‌కు. సైమన్ లార్డ్ చాన్సలర్. ఇన్‌స్కిప్ ఆ అక్టోబరులోనే ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి. చాంబర్లేన్ క్యాన్సరుతో నవంబరు 9న చనిపోయాడు. మారిసన్ తరవాత రోజుల్లో స్పీకరూ అయ్యాడు, ఆస్ట్రేలియా గవర్నర్ జనరలూ అయ్యాడు. ‘దోషి’ అన్న ముద్ర పదవులకు అడ్డు రాలేదు గాని, జనం మనసులోంచి చెరగనూ లేదు. గొలాంజ్ అదే వరసలో రోమన్ పేర్ల వాళ్ళను దింపుతూ పోయాడు. కేషియస్ అంటే మళ్ళీ ఫుట్, సెల్టికస్ అంటే బెవన్, గ్రాకస్ అంటే టామ్ వింట్రింగ్‌హామ్. ‘గిల్టీ మెన్’ వచ్చిన సరిగ్గా ఐదేళ్ళకు, 1945 జులై 5న, దేశం ఓటేసింది. లేబర్‌కు 393 సీట్లు. ఫుట్ డెవన్‌పోర్ట్‌లో గెలిచాడు, ఈసారి సొంత పేరుతో.

మిగతా ఇద్దరి దారులు వేరు. హోవర్డ్ మతపరమైన నైతికోద్యమంలో చేరి పత్రిక వదిలేశాడు. ఓవెన్ సైన్యంలో చేరి, 1944 నుంచి మౌంట్‌బాటన్ సేనల దినపత్రిక ‘సియాక్’ను కలకత్తాలో కూచుని నడిపాడు.

ఇదే 1940లో మన దేశంలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1867 నాటి ప్రెస్ చట్టం ప్రకారం మనదగ్గర అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాల్సి వచ్చేది. యుద్ధం రాగానే భారత రక్షణ నిబంధనలు తోడయ్యాయి. బెజవాడలో కేటో పుట్టినట్టయితే అచ్చు యంత్రం ముందు పోయేది, తరవాత మనిషి. గాంధీ ఆ అక్టోబరులో మొదలెట్టిన వ్యక్తి సత్యాగ్రహం సరిగ్గా తలకిందుల దారి పట్టింది. యుద్ధానికి సాయం చేయనని చెప్పబోయేవాడు ఏ ఊళ్ళో, ఏ రోజు, ఏ వేళకు చెబుతాడో పేరుతో సహా ముందుగా అధికారులకు ఉత్తరం రాయాలి. ఆకాశరామన్నకు అందులో చోటు లేదు. అక్టోబరు 17న వినోబా మొదలుపెట్టారు, తరవాత వేలమంది అలా ఉత్తరం రాసి జైలుకు వెళ్ళారు.

ఆ పుస్తకం శీర్షిక మాత్రం మనకు బాగా వంటబట్టింది. దేశవిభజనకు ఎవరు కారణమో చెబుతూ రామ్‌మనోహర్ లోహియా 1960లో రాసిన పుస్తకం పేరులో ‘గిల్టీ మెన్’ ఉంది. చైనా యుద్ధం మీద డి.ఆర్. మంకేకర్ 1968లో వెలువరించిన పుస్తకం పేరు ‘ది గిల్టీ మెన్ ఆఫ్ 1962’. ఇద్దరూ సంతకం పెట్టి రాశారు. ఆ ఓటమికి రక్షణశాఖ పోగొట్టుకుని 1962 నవంబరులో మంత్రివర్గం వదిలినవాడు వి.కె. కృష్ణ మీనన్. లండన్‌లో ఇండియా లీగ్ నడిపిన రోజుల్లో కుర్ర ఫుట్‌ను భారత స్వాతంత్ర్యం వైపు తిప్పింది ఆయనే. 1934లో ‘యంగ్ ఆక్స్‌ఫర్డ్ అండ్ వార్’ అనే పుస్తకానికి మీనన్ సంపాదకుడు, అందులో వ్యాసం రాసినవాళ్ళలో ఫుట్ ఒకడు. దోషులన్న మాటను చెలామణీలోకి తెచ్చినవాడి పాత స్నేహితుడికే ఆ బిరుదు వచ్చి తగిలింది.

జాబితాలో చివరి పేరు మిగిలింది. రెజినాల్డ్ డోర్మన్-స్మిత్. వ్యవసాయ మంత్రిగా చేసినదానికీ చెయ్యనిదానికీ కేటో ఆయన్ని పదిహేనుమందిలో కలిపాడు. లండన్‌లో పనికిరాని మనిషిని ఎక్కడికి పంపుతారు? 1941లో బర్మా గవర్నరుగా పంపారు. అప్పటికి రంగూన్ రేవులో ఓడల సరుకు దించే కూలీల్లో మనవాళ్ళదే పెద్ద సంఖ్య. కోరంగి రేవు మీదుగా పోయినవాళ్ళు కాబట్టి బర్మావాళ్ళకు తెలుగువాళ్ళంతా ‘కోరంగి’లే. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. విమానాలు చాలినన్ని లేవు, ఫిరంగులు చాలినన్ని లేవు. డంకర్క్ సిపాయి అడిగిన ప్రశ్నలే. 1942 మార్చి మొదటి వారంలో నగరం వదిలేశారు. లక్షలమంది భారతీయులు అడవుల గుండా, కొండల మీదుగా కాలినడకన అస్సాం, అరకాన్ దారులు పట్టారు. దారిలో కలరాకూ మలేరియాకూ ఆకలికీ చచ్చినవాళ్ళు వేలకు వేలు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి.

మే మొదట్లో గవర్నరు మిచినా నుంచి విమానమెక్కి ఇండియా చేరి, సిమ్లాలో బర్మా ప్రభుత్వం నడిపాడు. నడిచి వచ్చినవాళ్ళ తరఫున అభియోగం రాసి తోపుడుబండి మీద పెట్టిన కేటో ఎవరూ లేరు. 1945 అక్టోబరులో డోర్మన్-స్మిత్ మళ్ళీ రంగూన్‌లో దిగాడు, అదే గవర్నరు హోదాలో.